తెక్లా ఇంటి ముందు ఐసు గట్టు

క్లెమెంట్ సబోల్ లాంటి అపరాధ పరిశోధకుడు శతాబ్దానికి ఒక్కడే పుడతాడు. ఈ సంగతి నాకు చెప్పింది క్లెమెంట్ సబోలే. ఆ శతాబ్దం చేసుకున్న పాపమేమిటో మాత్రం చెప్పలేదు.

క్లెమ్ ముప్ఫై ఒక్క సంవత్సరాలు పిట్స్‌బర్గ్‌లో ఇంటింటికీ తిరిగి గ్యాస్ మీటర్లు చూసి రిటైరయ్యాడు. ఈ కొండ మీద అతను దిగని సెల్లారు లేదు. మనిషి ముందుగదిలో ఎన్ని అబద్ధాలైనా ఆడతాడుగాని, సెల్లారులో ఆడలేడని అతని సిద్ధాంతం. ఈ సిద్ధాంతంతోనే ఇప్పటికి మూడు కేసులు తేల్చాడు. చర్చి వాళ్ళ క్రిస్మస్ బొమ్మల్లోంచి మాయమైన గాడిదను కనిపెట్టాడు. అది అతని గ్యారేజీలోనే ఉంది. రంగు వేస్తానని తనే తెచ్చి, ఆ మాట మరిచిపోయాడు. మెట్లదారి కింద గోనెలో కట్టి పడేసిన శవాన్ని చూసి పోలీసుల్ని పిలిచాడు. వాళ్ళొచ్చి విప్పితే తివాచీ. మూడో కేసు ఇంకా రహస్యమట, నాక్కూడా చెప్పకూడదట.

ఇంత మేధావికి సహాయకురాలు ఉండాలి కదా. అది నేను. పేరు తెక్లా హాన్చర్, వయసు డెబ్బై ఒకటి. బడిలో ఆరో తరగతి దాటలేదుగాని, లైబ్రరీలో ఉన్న డిటెక్టివ్ నవలలన్నీ చదివాను. ప్రతి నవలలోనూ హంతకుడెవరో చివరి పేజీలోనే తెలుసుకున్నాను, అదీ రాసినవాళ్ళు చెబితేనే. క్లెమ్‌కి నాలో నచ్చిన గుణం ఇదే.

నాకు ఇంకో గుణం ఉంది. భయం. ఫోన్ మోగితే ఎవరో పోయారనుకుంటాను. మోగకపోతే, నాకు చెప్పకుండానే పోయారనుకుంటాను. ఎవరైనా ఊరికి బయలుదేరితే, వాళ్ళ బస్సు మలుపు తిరిగాక కూడా చెయ్యి ఊపుతూనే ఉంటాను. ఒకసారి అలా ఊపుతుంటే తర్వాతి బస్సు ఆగి తలుపు తెరిచింది. డ్రైవరు నొచ్చుకుంటాడేమోనని ఎక్కి, రెండు స్టాపుల అవతల దిగి నడిచొచ్చాను.

ఇక కేసు.

మా ఇంటిదీ వెర్నా హుడాక్ ఇంటిదీ ఒకటే గోడ. వెర్నాకి అరవై మూడు. బేకరీలో పిండి పిసికే పని. పని నుంచి రాగానే గోడ మీద మూడుసార్లు తడుతుంది. కాఫీ పెట్టాను, రా అని అర్థం. నలభై ఒక్క సంవత్సరాలుగా తడుతోంది. నా వంటింటి వైపు గోడలో ఆ చోట సున్నం రాలి సొట్ట పడింది. ఆ సొట్టకి సున్నం వేయించడానికి నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

ఆ ఫిబ్రవరిలో ఒక మంగళవారం, పొద్దున్న ఏడున్నరకి, వెర్నా పనికి వెళ్తూ మా ఇంటి ముందు కాలిబాట మీద జారిపడింది. సరిగ్గా నా కుర్చీ పక్కన.

కుర్చీ గురించి చెప్పాలి. మా వీధి ఎంత ఇరుకంటే, కారుని రెండు చక్రాలు కాలిబాట మీదికి ఎక్కించి ఆపుకోవాలి. మంచు పడినప్పుడు ఎవరి ఇంటి ముందు వాళ్ళు తవ్వుకుని, ఆ ఖాళీలో ఒక కుర్చీ పెడతారు. ఇక ఆ చోటు వాళ్ళది. ఏ చట్టంలోనూ లేదుగాని, మా ఊళ్ళో ఒకరి కుర్చీని ఇంకొకరు ముట్టుకోరు. పోలీసులు కూడా చుట్టూ తిరిగి వెళ్తారు. మాది ఆకుపచ్చ రంగు వేసిన వంటింటి కుర్చీ. సగం రోడ్డు మీద, సగం కాలిబాట మీద ఉంటుంది. మా ఆయన ఎమిల్ ఉక్కు మిల్లులో రాత్రి షిఫ్టు చేసేవాడు. ఏడింటికి కారు వచ్చేసరికి కుర్చీ తీసి పెట్టాలి. రాత్రంతా మంచులో నిలబడి దాని కాళ్ళు నేలకి అంటుకుపోయేవి. అందుకని కెటిల్ పెట్టి, సగం నీళ్ళు టీకి, మిగతా సగం కుర్చీ కాళ్ళకి. మిల్లు మూసేశారు, కూల్చేశారు, ఆ స్థలంలో బజారు కట్టారు. ఏడింటికి కెటిల్ పెట్టే అలవాటు మాత్రం నాకు పోలేదు.

వెర్నా కేక విని పరిగెత్తాను. అంబులెన్సులో పక్కనే కూర్చుని, దారిలో రెండుసార్లు ఆఖరి వీడ్కోలు కూడా చెప్పేశాను.

"తెక్లా, విరిగింది మణికట్టు," అంది వెర్నా. "చావడానికి అది చాలదు. కాస్త నోరు మూసుకో."

రెండు చోట్ల విరిగింది. ఆపరేషను చేసి మేకులు బిగించి పిండికట్టు వేశారు. నేను రోజూ సూపు పట్టుకెళ్ళాను. మూడో వారంలో నాకొక ఉత్తరం వచ్చింది. రాసింది వెర్నా మేనల్లుడు రోనీ. లాయరు. వాడి ఫొటో బస్సుల వెనక ఉంటుంది, కింద ఇలా రాసి: "పడ్డారా? లేవకండి. ముందు నాకు ఫోన్ చెయ్యండి."

నా ఇంటి ముందు కాలిబాట మీద గట్టు కట్టిన ఐసును నేను నిర్లక్ష్యంగా వదిలేశానట. దానివల్ల తన క్లయింటు గాయపడిందట. నష్టపరిహారం కోసం నా ఇంటి బీమా వాళ్ళకి క్లెయిము పంపాడట. ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు నిలబడి, ఒకసారి కూర్చుని. కూర్చుని చదివినా అదే ఉంది.

ఆ రోజు నుంచి గోడ మీద చప్పుడు ఆగిపోయింది. నేను సూపు పట్టుకెళ్తే, తలుపు సందులోంచి వెర్నా ఒక్క మాట చెప్పింది. ఎదుటి పక్షంతో మాట్లాడొద్దని రోనీ అన్నాడని. సూపు గిన్నె మాత్రం తీసుకుంది. నలభై ఒక్క ఏళ్ళలో నేను గోడకి ఇవతలి పక్షాన్నేగాని, ఎదుటి పక్షాన్ని ఎప్పుడూ కాను.

ఎదురింటి క్లెమ్‌కి ఈ సంగతి చెప్పినప్పుడు నాకు కావలసింది ఓదార్పు. దొరికింది పరిశోధన. పావుగంటలో టోపీ పెట్టుకుని, స్టాంపులు చూసుకునే భూతద్దం పట్టుకుని నా వంటింట్లోకి వచ్చాడు.

"తెక్లా, ఇది ప్రమాదం కాదు," అన్నాడు.

"మరేమిటి?"

"ప్రమాదం వేషం వేసుకున్న పథకం. రాసుకో."

రాసుకున్నాను. 'పథకం' అన్న మాట రెండుసార్లు కొట్టేసి రాయాల్సి వచ్చింది.

క్లెమ్ లైబ్రరీకి వెళ్ళి ఒక మధ్యాహ్నమంతా చట్టం చదివి వచ్చాడు. మా రాష్ట్రంలో ఒక నియమం ఉందట. ఊరంతా సమానంగా ఐసు పట్టినప్పుడు ఎవరైనా జారితే ఇంటివాళ్ళ తప్పు కాదు. అదే ఐసు గట్లుగా, గుట్టలుగా పేరుకున్నా తీయకుండా వదిలేస్తే మాత్రం వాళ్ళదే తప్పు. ఇదంతా చెప్పి, దాని సారాన్ని ఒక్క ముక్కలో తేల్చాడు. "గట్టు ఉంటే నువ్వు దోషివి. గట్టు లేకపోతే ఆకాశం దోషి. ఆకాశానికి బీమా లేదు."

వెంటనే వెళ్ళి, బట్టలు కుట్టే టేపుతో కాలిబాట మీద బోర్లా పడుకుని కొలవడం మొదలుపెట్టాడు. అతన్ని అలా చూసి ఎవరో ఫోన్ చేశారు. అంబులెన్సు వచ్చింది. అదే అంబులెన్సు, అదే డ్రైవరు. ఈ ఇంటి ముందు ఇంకెంతమంది పడాల్సి ఉందో చెబితే ఇక్కడే బండి ఆపుకుంటానన్నాడు.

కొలిస్తే గట్టు ఉంది. బొటనవేలంత ఎత్తు, కుర్చీ దగ్గర మొదలై గోడ వైపు మూరెడు పొడుగు. వీధి మొత్తంలో అలాంటిది ఇంకొకటి లేదు. క్లెమ్ లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఆ చూపు చూశాడు. నవలల్లో ఆ చూపు చూశాక ఎవరో ఒకరు తప్పకుండా చస్తారు.

వాన లేదు, పైపు పగల్లేదు, చూరు నీళ్ళు ఇటు పడవు. కాబట్టి ఎవరో కావాలని ఇక్కడ నీళ్ళు పోస్తున్నారు. ఇది అతని నిర్ణయం.

"ఈ చలిలో వీధిలో నీళ్ళు పోసే మూర్ఖుడు ఎవడుంటాడు క్లెమ్?"

"మూర్ఖుడు కాదు తెక్లా. రాక్షసుడు. నిన్నూ వెర్నానూ విడదీయాలని ఎవడో చూస్తున్నాడు."

కెటిల్ తీసి అతనికి ఇంకో కప్పు టీ పోశాను.

మర్నాడు రహస్య పరిశోధన. క్లెమ్ మారువేషంలో వెర్నా ఇంట్లోకి చొరబడతానన్నాడు. ఏ వేషం అని అడిగితే, గ్యాస్ మీటరు చూసేవాడి వేషం అన్నాడు. యూనిఫారం, టోపీ, టార్చిలైటు అన్నీ ఇంట్లో ఉన్నాయి కదా. వేషం అద్భుతంగా కుదిరింది. వెర్నా తలుపు తీసి, క్లెమ్, నువ్వు రిటైరై పదేళ్ళయింది, మీటరు బయటికి మార్చి ఏడేళ్ళయింది, వచ్చి కాఫీ తాగు, అందట. తాగి వచ్చాడు. సాక్ష్యంగా వెర్నా ఎడమ బూటు కోటు కింద దాచి తెచ్చానన్నాడు. తీసి చూస్తే అది అతని బూటే. కాళ్ళు చూసుకున్నాం. ఒక కాలికి వెర్నా బూటు ఉంది. వీధంతా అలాగే నడిచి వచ్చాడు.

కాని బూటుతో పాటు ఒక వార్త కూడా తెచ్చాడు. తనకి అది 'హంతకుడి ఉద్దేశం' అనిపించింది. నాకు అలా అనిపించలేదు.

వెర్నా వైద్య బీమా వాళ్ళు ఆపరేషను డబ్బు కట్టడానికి మెలిక పెట్టారట. ఎవరి స్థలంలో పడ్డారో చెప్పండి, ముందు వాళ్ళ బీమాని అడగాలి అన్నారట. ఆ కాగితంలో నా పేరు రాయడానికి వెర్నాకి మూడు రోజులు పట్టిందట. నా మీద పగ ఏమీ లేదు. మా దేశంలో స్నేహితురాలి చెయ్యి బాగుపడాలంటే ముందు ఆమెకి శత్రువు కావాలి, అంతే. ఆ చేత్తో ఇక పిండి పిసకడం కుదరదని డాక్టరు అన్నాడట. క్లెయిము రాకపోతే ఇల్లు అమ్మేసి అరిజోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతుందట. చెల్లెలు ఇప్పటికే గది సర్దిందట.

అరిజోనాలో మంచు ఉండదు. కుర్చీలు ఉండవు. నా గోడ ఉండదు.

"అంటే క్లెమ్," అన్నాను, "నా తప్పు లేదని నువ్వు నిరూపిస్తే, వెర్నాకి ఏమీ రాదు. వెళ్ళిపోతుంది."

"న్యాయం గుడ్డిది తెక్లా."

"న్యాయం గుడ్డిదైతే అయింది. నువ్వు కూడా ఎందుకు?"

కేసు వదిలెయ్యమని బతిమాలాను. తను కేసుని వదిలినా కేసు తనని వదలదన్నాడు. అప్పటికే ఉలి తెచ్చి గట్టుని పెళ్ళగించేశాడు. పెద్ద ముక్కని కాగితంలో చుట్టి, మీద 'సాక్ష్యం' అని రాసి, నా ఫ్రీజరులో పిరోగీల పక్కన, అంటే బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటి వాటి పక్కన పెట్టాడు. మిగిలినదంతా గీకి ఉప్పు చల్లి, కాలిబాటను తుడిచిన పలకలా చేశాడు. అంటే నేను దోషినని చెప్పే ఆధారం ప్రపంచంలో ఒక్కటే మిగిలింది. అది నా ఫ్రీజరులో ఉంది.

ఆ తర్వాతి సోమవారమంతా ఆలోచించి, జీవితంలో మొదటిసారి నేనే ఒక పథకం వేశాను. బీమా ఆఫీసుకి ఫోన్ చేశాను. క్లెయిము చూస్తున్న మిస్ డెలానీ అనే అమ్మాయి మాట్లాడింది. తప్పు నాదేనని, వెంటనే డబ్బు పంపెయ్యమని చెప్పాను. ఆ అమ్మాయి, స్నేహితురాలి మీద జాలితో చాలామంది ఇలాగే ఒప్పుకుంటారనీ, అది చెల్లదనీ మర్యాదగా చెప్పింది. ఆకాశం నుంచి పడినది సమానంగా గడ్డకడితే ఎవరి తప్పూ కాదు. గట్టు ఉండాలి, ఆ గట్టు నావల్లే వచ్చిందని తెలియాలి. గురువారం తొమ్మిదింటికి వచ్చి తన కళ్ళతో చూస్తానంది.

గట్టు నా దగ్గర భద్రంగా ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను. దేవుడి దయ అనుకున్నాను.

బుధవారం పొద్దున్న, మాంసం ముట్టని శుక్రవారానికి చేప కరిగించుకుందామని ఫ్రీజరులోంచి పొట్లం తీసి సింకులో పెట్టి చర్చికి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే సింకులో తడి కాగితం ఉంది. చేప ఫ్రీజరులోనే ఉంది.

క్లెమ్ వచ్చేసరికి నేను నేల మీద కూర్చుని ఉన్నాను. ఏడవలేదు. ఏడ్చే పని అరిజోనా బస్సు కదిలే రోజుకి దాచుకున్నాను. అతను మాత్రం భూతద్దంతో సింకులోకి వంగి, చాలాసేపటికి, వేలి చివర ఏదో తీశాడు. పెసరగింజంత ఆకుపచ్చ రంగు పెచ్చు.

"హంతకుడి రంగు," అన్నాడు.

అది ఐసులోంచే వచ్చిందట. ఫ్రీజరులో బఠాణీలు కూడా ఉన్నాయని గుర్తు చేశాను. వినలేదు. నీళ్ళు పోసినవాడి దగ్గర ఆకుపచ్చ వస్తువు ఏదో ఉండి తీరాలి. బుధవారమంతా వీధిలో ఆకుపచ్చ వస్తువుల జాబితా రాశాడు. ఫాదర్ గారి గ్యారేజీ తలుపు, బేకరీ గొడుగు, ఎవరిదో చిలక. నిలబడి రాసి రాసి కాళ్ళు నొప్పెట్టి, మధ్యమధ్యలో నా కుర్చీలో కూర్చుని రాశాడు. కూర్చున్నప్పుడల్లా దాని మీది పెచ్చులు అతని ప్యాంటుకి అంటుకున్నాయి. ఇంటికి వెళ్ళాక బ్రష్షుతో దులుపుకుని, ఈ ఊళ్ళో మసి మరీ ఎక్కువైందని నాకు ఫోన్ చేసి చెప్పాడు.

గురువారం పొద్దున్న ఏడింటికి, ఎప్పటిలాగే కెటిల్ పెట్టాను. సగం టీకి, సగం కుర్చీకి. తొమ్మిదింటికి మిస్ డెలానీ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. పొడుగు కోటు, మెడలో కెమెరా, చేతిలో ఫారాల అట్ట. మెత్తగా మాట్లాడే అమ్మాయి. గట్టు ఏదని అడిగింది. కరిగిపోయిందని చెప్పాను. ఎలా అని అడిగింది. చేపనుకున్నానని చెప్పాను. రాసుకుంది. ఆ రాత చూస్తే నాకు ఆశ పోయింది.

అప్పుడు క్లెమ్ రంగంలోకి దిగాడు. నన్ను నిర్దోషిని చేసే తీరతానని అతని పట్టు. ఆపడానికి కోటు పట్టుకున్నాను. విడిపించుకుని వెళ్ళి కాలిబాట మధ్య నిలబడి, టోపీ సర్దుకున్నాడు.

"అమ్మాయ్, నా పేరు క్లెమెంట్ సబోల్. ఈ నేల బల్లలా చదునుగా ఉంది. బుద్ధి ఉన్న మనిషెవడూ దీని మీద పడలేడు. నడిచి చూపిస్తాను."

నాలుగడుగులు బాగానే వేశాడు. కుర్చీ పక్కకి రాగానే, ఉపన్యాసం కొనసాగించడానికి వెనక్కి తిరిగాడు. రెండు కాళ్ళూ ఒకేసారి గాలిలోకి లేచాయి. టోపీ ఎటో పోయింది. మనిషి సరిగ్గా వెర్నా పడిన చోట, వెర్నా పడినట్టే పడ్డాడు.

ఆ చప్పుడుకి పక్కింటి తలుపు తెరుచుకుంది. వెర్నా పిండికట్టు మీద కోటు కప్పుకుని మెట్ల మీదికి వచ్చింది.

క్లెమ్ లేవడానికి కుర్చీ కాలు పట్టుకుని లాగాడు. అది కదల్లేదు. "తెక్లా," అన్నాడు నీరసంగా, "కుర్చీ అంటుకుపోయింది."

నాకు పెళ్ళయిన నాటి నుంచీ ఆ మాటకి ఒక్కటే జవాబు. ఆ అమ్మాయికి టీ ఇద్దామని పొయ్యి మీద కెటిల్ పెట్టే ఉంది. పరిగెత్తుకెళ్ళి తెచ్చి, కుర్చీ కాళ్ళ మీద పోశాను. చెయ్యి పోసింది, నేను పోయలేదు. నీళ్ళు ఆవిర్లు కక్కుతూ నాలుగు కాళ్ళ చుట్టూ తిరిగి, కాలిబాట వాలుకి గోడ వైపు పాకి, క్లెమ్ మోచెయ్యి దగ్గర ఆగాయి. అందరం చూస్తుండగానే ఆవిరి తగ్గింది. నీళ్ళ మీద తెల్లటి పొర కట్టింది. దాని కింద ఏడింటిది ఉంది. దాని కింద నిన్నటిది, దాని కింద మొన్నటిది. పక్కనే ఒక ఆకుపచ్చ పెచ్చు తేలి, అంటుకుపోయింది.

మిస్ డెలానీ కలం ఆగింది.

క్లెమ్ ఆ పెచ్చు చూశాడు, కుర్చీ చూశాడు, నన్ను చూశాడు. ముప్ఫై ఒక్క సంవత్సరాల సెల్లారు జ్ఞానం అతని మొహంలోంచి జారిపోవడం కనిపించింది. తర్వాత ఆ మహా మేధావి తన వృత్తిలోకల్లా గొప్ప పని ఒకటి చేశాడు. నెమ్మదిగా వెల్లకిలా తిరిగి పడుకున్నాడు.

"తెక్లా, నేనేమీ చూడలేదు," అన్నాడు. "నేను ఆకాశం చూస్తున్నాను."

మిస్ డెలానీ నా దగ్గరికి వచ్చింది. "ఇలా ఇవాళే పోశారా హాన్చర్ గారూ?"

అవునంటే కేసు మూసుకుపోయేది. ఒక్క అబద్ధంతో నేను నిర్దోషిని. మెట్ల మీద వెర్నా నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు, కెటిల్ వైపు చూస్తోంది.

"రోజూ," అన్నాను. "పొద్దున్న ఏడింటికి."

"ఎందుకండీ?"

"కుర్చీ తియ్యాలి కదా. మా ఆయన కారుకి చోటు కావాలి."

"ఆయన ఎన్నింటికి వస్తారు?"

పదకొండేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఎమిల్‌కి ఆ రోజు గుండెలో నొప్పిగా ఉంది. నాకు కారు నడపడం రాదు కాబట్టి డాక్టరు దగ్గరికి తనే నడుపుకుంటూ వెళ్ళాడు. చోటు పోనివ్వకు, అరగంటలో వస్తాను అన్నాడు. కారు మలుపు తిరిగాక కూడా చెయ్యి ఊపాను. కారుని తర్వాత ఎవరో కొనుక్కున్నారు. చోటు మాత్రం నేను పోనివ్వలేదు.

జవాబు మెట్ల మీద నుంచి వచ్చింది.

"రాడమ్మా," అంది వెర్నా. "పదకొండేళ్ళయింది. అదీ రాసుకో."

ఆ అమ్మాయి అదీ రాసుకుంది. నియమం ప్రకారం మిమ్మల్నీ ఒక ప్రశ్న అడగాలి అని వెర్నా వైపు తిరిగింది. గాయపడినవాళ్ళ తప్పు కూడా ఉంటే పరిహారం తగ్గుతుందట. "కుర్చీ దారికి అడ్డంగా ఉంది కదా. జరిపి వెళ్ళొచ్చు కదండీ?"

"జరపడమా?" అంది వెర్నా. "ఎమిల్ కుర్చీనా?"

నేల మీద నుంచి క్లెమ్ తల ఎత్తి, ఆ మాటకి తనూ నొచ్చుకున్నట్టు చూశాడు.

"చుట్టూ తిరిగి వెళ్ళాను," అంది వెర్నా. "పదకొండేళ్ళుగా చుట్టూ తిరిగే వెళ్తున్నాను. ఈ వీధిలో అందరూ అంతే."

మిస్ డెలానీ వాళ్ళ అమ్మమ్మది నది అవతలి కొండేనట, తర్వాత తెలిసింది. తల ఊపి, రాస్తున్నది పైకి చదివింది: "కుర్చీని జరపడం వీలుపడదు. స్థానిక పరిస్థితి." కింద గీత గీసింది. గట్టుకి ఐదు ఫొటోలు తీసుకుంది. ఒకదాంట్లో క్లెమ్ కూడా పడ్డాడు, కొలతకి పనికొస్తాడని లేవొద్దంది.

నేను కెటిల్ పట్టుకుని మెట్ల కిందకి వెళ్ళాను. "తప్పు నాదే వెర్నా."

"నీదే. ఇంత చిన్న సంగతి చెప్పడానికి ఇన్నాళ్ళా?"

"నువ్వు మాట్లాడలేదుగా."

"లాయరు వద్దన్నాడు."

"ఇప్పుడు మాట్లాడుతున్నావుగా."

"ఇప్పుడు చలిగా ఉంది," అంది వెర్నా. "లోపలికి రా. ఆ కెటిల్ కూడా తే."

క్లెయిము మంజూరవడానికి వసంతం దాకా పట్టింది. వెర్నా చెల్లెలికి ఉత్తరం రాసింది, గది ఇంకెవరికైనా ఇచ్చుకోమని. నా బీమా వాళ్ళు నన్ను వదల్లేదుగాని ఒక షరతు పెట్టారు. ప్రమాదకారణమైన వస్తువును కాలిబాట మీద నుంచి తొలగించాలి. ఉత్తరంలో దాన్ని 'వస్తువు' అనే రాశారు.

తొలగించిన రోజు పొద్దున్న ఇంకా గడ్డకట్టే ఉందిగాని, కెటిల్ తేలేదు. ఎండ వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చున్నాను. మధ్యాహ్నానికి కాళ్ళు వాటంతటవే వదులయ్యాయి. నాకు ఎత్తే ఓపిక లేదు, వెర్నాకి ఒక చెయ్యే ఉంది. క్లెమ్ మోశాడు, టోపీ తీసి, చాలా నెమ్మదిగా, ఒక్కసారి కూడా జారకుండా. ఇప్పుడది వెర్నా వంటింట్లో, గోడ పక్కన ఉంది. నేను కూర్చునేది దాంట్లోనే.

క్లెమ్‌కి తుంటి మీద ఇంత మచ్చ పడింది. రోనీ ఫోన్ చేసి, పడ్డారటగా, తెక్లా మీద క్లెయిము వేద్దామా అని అడిగాడట. క్లెమెంట్ సబోల్ పడడు, పరిశీలిస్తాడు అని చెప్పి పెట్టేశాడట. అతని పుస్తకంలో నాలుగో కేసు కింద ఇలా ఉంది: "పరిష్కరించబడినది. పద్ధతి: నేలను మిక్కిలి సమీపం నుండి చూచుట."

ఏడింటికి ఇప్పటికీ కెటిల్ పెడతాను. సగం నా టీకి. మిగతా సగం పొయ్యి మీదే ఉంచి, చప్పుడు కోసం చూస్తాను. వెర్నా పనికి వెళ్ళడం లేదు కాబట్టి ఇప్పుడు పొద్దున్నే తడుతోంది. మూడుసార్లు. కట్టు విప్పేదాకా పిండికట్టుతోనే తట్టింది. గోడలో సొట్ట ఇంకాస్త లోతైంది.